క్లినిక్ గోడకి పాత మొక్కల బొమ్మలు: బుజ్జమ్మకి పెద్దనాన్న ఉత్తరం

బుజ్జమ్మా,

వాట్సాప్‌లో నువ్వు పంపిన బొమ్మలన్నీ చూశాను. అందంగానే ఉన్నాయి, కాదనను. కానీ వాటిలో చాలావరకు కోలర్ అనే జర్మన్ పుస్తకంలోవి. 1880ల్లో గేరా అనే ఊళ్ళో మొదలుపెట్టి అచ్చేశారు, ఇప్పుడు కాఫీ కప్పుల మీదా కుషన్ కవర్ల మీదా ఎక్కడ చూసినా అవే. డిజిటాలిస్, కెమొమైల్... నీ దగ్గరికొచ్చే పేషెంట్లలో ఆ మొక్కల్ని చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పు? రాజమండ్రిలో ఆయుర్వేదం క్లినిక్ పెడుతూ, పక్కనే సామర్లకోటలో పుట్టిన బొమ్మల్ని వదిలేసుకుంటావా?

విలియం రాక్స్‌బర్గ్ అని ఈస్టిండియా కంపెనీ డాక్టరు, 1780ల్లో సామర్లకోటలో తోట వేసి, మన చుట్టుపక్కల మొక్కల్ని ఇక్కడి చిత్రకారుల చేత గీయించాడు. 1790 నాటికే 700 బొమ్మలు పోగయ్యాయట. అవి లండన్ వెళితే జోసెఫ్ బ్యాంక్స్ అనే వృక్షశాస్త్రవేత్త ఏరి 300 బొమ్మల్ని మూడు సంపుటాలుగా అచ్చు వేయించాడు, 1795లో మొదలై 1820 దాకా సాగింది ఆ పని, ఈలోగా 1815లో రాక్స్‌బర్గ్ పోయాడు కూడా. దాని పేరు 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్'. వివరణల్లో తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, స్పెల్లింగు వింతగా ఉంటుంది, పైకి చదివితే తెలిసిపోతుంది. గీసినవాళ్ళ పేర్లు మాత్రం ఆ పుస్తకంలో లేవు, అది నాకు ఎప్పుడూ గుచ్చుకునే సంగతి.

మొదటి సంపుటంతోనే నీ గోడ నిండిపోతుంది. మోదుగ, నల్లజీడి, సోమిద, ముష్టి, చిల్ల ఉన్నాయి అందులో. ముష్టినీ చిల్లనీ పక్కపక్కనే పెట్టు, నా మాట విను. రెండూ ఒకే ప్రజాతి, రెండింటి ఆకుల్లోనూ ఈనెలు మొదట్లోంచే మూడో అయిదో చీలి కొస దాకా పోతాయి, కాయ దగ్గరికి వచ్చేసరికి తేడా. ముష్టికాయ నారింజ అంత, లోపల బొత్తాల్లాంటి విషపు గింజలు. చిల్లకాయ చిన్నది, ఒకటే గింజ, దాన్ని కుండ లోపల అరగదీసి బురదనీళ్ళు తేర్చేవాళ్ళు. పేషెంటు కూర్చుని చూస్తూ ఉంటే దానికదే మాట్లాడుతుంది ఆ జత. అయితే ఒక్క జాగ్రత్త, ముష్టి బొమ్మ కింద 'ఔషధ మొక్క' అని మాత్రం రాసి వదలకు. శోధన చేయని, అంటే విషం తగ్గేలా శుద్ధి చేయని ముష్టిగింజ ప్రాణం తీస్తుందని నీకు నేను చెప్పాలా, కానీ గోడ చూసేవాడికి అది తెలియదు కదా.

ఇప్పుడు అసలు సంగతి. బొమ్మని కత్తిరించకు. ఇంటీరియర్ వాళ్ళు కింద ఉన్న చిన్న చిన్న ముక్కలు, కోసిన పువ్వు, విడదీసిన కేసరాలు, గింజ అడ్డకోత, వీటిని 'క్లీన్‌గా ఉంటుంది మేడమ్' అని తీసేస్తారు. మొక్కని గుర్తుపట్టేది వాటితోనే! ప్లేటు నంబరు, పాత లాటిన్ పేరు కూడా ఉండనీ. మోదుగని అందులో బ్యూటియా ఫ్రాండోసా అన్నారు, ఇప్పుడు మోనోస్పెర్మా. సోమిద అప్పట్లో స్వైటీనియా, ఇప్పుడు సోయ్‌మిడా. కొత్త పేరు చిన్న కార్డు మీద తెలుగు పేరుతో కలిపి పక్కన పెట్టు. లండన్‌లో క్యూ గార్డెన్స్ అనే మొక్కల తోట వాళ్ళ వెబ్‌సైట్ 'ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్'లో పాత పేరు కొడితే కొత్తది వచ్చేస్తుంది. ఇంకోటి, మోదుగలాంటి చెట్లు ఆకు రాల్చాక పూస్తాయి కదా, పాత బొమ్మల్లో ఆకూ పువ్వూ కాయా ఒకే కాగితం మీద కనిపిస్తే గీసినవాడికి తెలియదనుకోకు. గుర్తుపట్టడానికి అన్ని కాలాలూ ఒకచోట చేర్చడం వాళ్ళ పద్ధతి.

ఒరిజినల్ కొనాలనే సరదా ఉంటే పుస్తకం చింపి విడిగా అమ్మే కాగితాలే దొరుకుతాయి, నాకది నచ్చదు. కొంటానంటే భూతద్దం తీసుకెళ్ళు. రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ఈ కాలపు అచ్చు. రాగిరేకు అచ్చయితే బొమ్మ చుట్టూ కాగితం లోపలికి నొక్కుకున్న గీత ఉంటుంది (మార్జిన్ కోసేసి ఉంటే అది కనబడదు), రంగు చేత్తో పూసింది కాబట్టి అక్కడక్కడా గీత దాటిపోతుంది కూడా. హోర్టస్ మలబారికస్ అని మలబారు మొక్కల మీద డచ్చివాళ్ళు వేసిన పాత పుస్తకం ఉంది, దాని బొమ్మకి రంగులుంటే అది తర్వాత ఎవరో వేసిందే, 1678 నుంచి 1693 దాకా అచ్చయిన ఆ 12 సంపుటాలూ నలుపు తెలుపే.

నా సలహా అయితే డౌన్‌లోడ్. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితం, కాపీరైట్ గొడవ ఎప్పుడో తీరిపోయింది. స్క్రీన్‌షాట్ తీయకు, పెద్ద ఫైలే దించు. 12 అంగుళాల ప్రింటుకి ఆ వైపు 3,600 పిక్సెల్స్ ఉంటే బావుంటుంది. మ్యాట్ కాటన్ పేపరు, పిగ్మెంట్ ఇంకు అడుగు. షాపువాడు వెనక రంగుని తెల్లగా చేస్తానంటాడు, వద్దను. పాతగా కనబడాలని గోధుమరంగు మరకలు కలుపుతానన్నా వద్దను. లామినేషన్ ఊసే వద్దు.

ఫ్రేములో బొమ్మ అద్దానికి అంటకూడదు, మధ్యలో యాసిడ్-ఫ్రీ మౌంట్ బోర్డు పెట్టించు. గోదావరి పక్కన తేమ సంగతి తెలిసిందే, బాత్రూం గోడకి ఆనుకున్న వైపు తగిలించొద్దు, ఫ్రేము వెనక మూలల్లో రబ్బరు బిళ్ళలు అంటిస్తే గాలి ఆడుతుంది. ఎండ నేరుగా పడే చోటు కూడా వద్దు.

లోపల నీ కన్సల్టింగ్ రూముకి రాబర్ట్ వైట్ అనే ఇంకో కంపెనీ డాక్టరు వేయించిన 'ఐకోన్స్' పుస్తకం చూడు, 1838 నుంచి 1853 దాకా మద్రాసులో అచ్చయిన 2,101 లిథో (రాతి మీద గీసి అచ్చేసిన) బొమ్మలు. వాటిని గీసిన రంగయ్య, గోవిందుల పేర్లు మనకి తెలుసు, గోవిందు పేరు మీద వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయా అని పేరు పెట్టాడు (ఇప్పుడు ఆ పేరు చెల్లదులే). ఆ బొమ్మలు పెడితే కార్డు మీద గీసినవాళ్ళ పేర్లు కూడా రాయి, వైట్ పేరు ఒక్కటే కాదు.

వెయిటింగ్ హాలు గోడ కొలతలు, కిటికీ ఏ వైపుందో రాసి పంపు. ఆర్డర్ ఇచ్చే ముందు ఒక బొమ్మ ఎ4 మీద ట్రయల్ తీయించి ఫోటో పెట్టు, ఆకుపచ్చ మరీ నీలంగా వస్తుందేమో చూద్దాం.

మీ పెద్దనాన్న