పక్క సీటు

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు రాసి పంపిన కంట్రీ పాట, అదే అమెరికా పల్లెపట్టు బాణీ పాట, చదివాను. అందులో గుండె నాలుగుసార్లు పగిలింది, ఒక్కసారీ చప్పుడు వినపడలేదు. రెండో చరణంలో మాత్రం, ఆమె పొట్టి కాళ్ల కోసం ముందుకు జరిపిన పికప్ ట్రక్కు పక్క సీటు ఇంకా అలాగే ఉందన్నావు. నీ పాట అదే. విస్కీ, వాన, రైలు కూత కొట్టెయ్. మూడూ ఒకే చరణంలో పడితే ఆ బాధ ఎవరిదైనా కావచ్చు.

1980లో కంట్రీ గాయకుడు జార్జ్ జోన్స్ పాడిన ‘హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’ వింటూ కాగితం మీద దించుకో. రాసింది బాబీ బ్రాడాక్, కర్లీ పుట్‌మన్. అతని మంచం పక్కన ఆమె ఉత్తరాలు, వాటి మీద 1962 అని తేదీ, ప్రేమిస్తున్నానన్న మాట ఎక్కడుంటే అక్కడ ఎర్ర గీత. పద్దెనిమిదేళ్లని వాళ్లు చెప్పరు, లెక్క మనమే వేసుకుంటాం. ఇక పేరు చూడు. ఇవాళ్టితో ఆమెను ప్రేమించడం మానేశాడంటే, పోనీలే, తేరుకున్నాడనుకుంటాం. చనిపోయాడని తర్వాత తెలుస్తుంది. శతకంలో మకుటం నూరు పద్యాల్లోనూ అదే అర్థంతో వస్తుంది. ఇక్కడ మాట అదే ఉండి అర్థం పక్కకి జరగాలి. ‘సీటు జరపలేదు’ అన్నది నీ పాటలో మూడుసార్లూ ఒకటే చెబుతోంది. మొదట బద్ధకంలా వినిపించనీ, రెండోసారి ఎదురుచూపులా.

ఆమెను తిట్టిన నాలుగు పాదాలూ తీసెయ్. అవి వింటే ఎవరైనా ఆమె పక్షమే చేరతారు.

నడకకి మూడు దెబ్బల వాల్ట్జ్, అంటే మన తిశ్రం, బాగుంటుంది. మరో కంట్రీ గాయకుడు హాంక్ విలియమ్స్ 1949 నాటి ‘ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై’ది ఆ నడకే. గిటార్ మీద జి, సి, డి కార్డులు, అంటే కలిపి మీటే స్వరాల గుత్తులు, మూడు చాలు. పాదం చివర అక్షరాలు కుక్కకు, అక్కడ పెడల్ స్టీల్ గిటార్ పలకాలి. పెడల్ తొక్కితే ఒక తీగ స్వరం జారుతుంది, పక్క తీగది నిలిచే ఉంటుంది. ఆ ఏడుపు జీర అందులోంచే వస్తుంది. దానికి ఒక బార్, అంటే ఒక ఆవర్తనం, ఖాళీ వదులు. చప్పట్లు వేస్తూ పైకి చదువు, ఊపిరి చాలని పాదంలో మాటలు తగ్గించు.

ఇంకొకటి. పాత ట్రక్కుల్లో ఎక్కువగా ఉండేది బెంచ్ సీటు, అంటే ఇద్దరికీ కలిపి ఒకటే పొడుగు సీటు, జరిపితే డ్రైవరు వైపు కూడా కలిసి జరుగుతుంది. నీ కథ అలాంటి ట్రక్కులో పెడితే సీటు ముచ్చటే కుదరదు. విడి సీట్లున్న బండి ఎక్కించు.

మూడో చరణంలో అతను తేరుకున్నానంటున్నావు, నమ్మబుద్ధి కావడంలేదు. అతని చేత ఏమీ అనిపించకు. కొత్తమ్మాయిని ట్రక్కెక్కించు, కాస్త పొడుగు మనిషిని. మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి తగులుతాయి. సీటు కింద లివర్ కోసం ఆమే చెయ్యి పెడుతుంది. అతను ఇంకా తాళం తిప్పలేదు. పాట అక్కడ ఆపి పంపు.