పద్నాలుగు రోజుల కారు ప్రయాణం: వంట, బట్టలు, మందులు

ప్రశ్న: మేము గుంటూరు నుంచి డాలస్‌లో ఉన్న మా అబ్బాయి ఇంటికి వచ్చి నెల దాటింది. జూన్ నెలాఖరులో మేమిద్దరం, అబ్బాయి, కోడలు, పదేళ్ల మనవరాలు, అయిదేళ్ల మనవడు కలిసి డెన్వర్ మీదుగా యెల్లోస్టోన్ జాతీయ పార్కుకు వెళ్లి, సాల్ట్ లేక్ సిటీ, మోయాబ్ చూసుకుని తిరిగి వచ్చేలా 14 రోజుల కారు ప్రయాణం అనుకున్నాం. మా వారికి షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటారు, మధ్యాహ్నం నాలుగు మెతుకులు అన్నం పడకపోతే ఆయనకు గడవదు. గుంటూరు నుంచి తెచ్చుకున్న చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ వెంట పెట్టుకుందామంటే ఇక్కడ పనిచేయదని అబ్బాయి అంటున్నాడు. అన్నం ఎలా వండుకోవాలి, ఆరుగురి బట్టలు ఎక్కడ ఉతుక్కోవాలి, ఇన్సులిన్ ఎలా కాపాడుకోవాలి? ఈ చాకిరీ అంతా కోడలి నెత్తినే పడుతుందేమోనని కూడా దిగులుగా ఉంది.

జవాబు: కుక్కర్ విషయంలో మీ అబ్బాయి మాటే నిజమండీ. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120. వోల్టేజీ సగానికి తగ్గితే వేడి సగానికి కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల మన దగ్గర 700 వాట్లతో ఉడికించే కుక్కర్ అక్కడ 190 వాట్ల దగ్గర ఆగిపోతుంది, బియ్యం గోరువెచ్చని నీళ్లలో నానుతాయి తప్ప ఉడకవు. దాన్ని డాలస్‌లోనే ఉంచి, అక్కడ దొరికే ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ ఒకటి తీసుకోండి. ఫోన్ ఛార్జర్ల మీద 100–240 అని రాసి ఉంటుంది కాబట్టి వాటికి పిన్ను మార్చుకుంటే సరిపోతుంది.

మామూలు రైస్ కుక్కర్ చాలదా అని మీరు అడగవచ్చు. డాలస్‌లో చాలుతుంది, యెల్లోస్టోన్‌లో చాలదు. డెన్వర్ నగరమే సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉంది, యెల్లోస్టోన్‌లో చాలా భాగం 8,000 అడుగుల పీఠభూమి. ఆ ఎత్తులో నీళ్లు 100 డిగ్రీల దాకా పోకుండా 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మూత లేని గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే మిగులుతుంది, అన్నం పైన మెత్తబడినా లోపల గింజ తగులుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో ఈ బాధ చాలావరకు తప్పుతుంది. అయినా ఇంట్లో పెట్టే సమయం కంటే కొంచెం ఎక్కువ పెట్టండి, కందిపప్పు బదులు పెసరపప్పు పట్టుకెళ్లండి, బియ్యం అరగంట ముందే నానబెట్టండి.

వంట ఎక్కడ చేయాలన్నది అసలు చిక్కు. చాలా హోటళ్లలో మామూలు గదిలో వంటకు ఒప్పుకోరు. గదిలోనే పొయ్యి, సింకు, ఫ్రిజ్ ఉండే హోటళ్లు వేరే ఉంటాయి, రెండు రాత్రులు బస చేసే చోటనైనా అలాంటి గదులు చూసుకోమని అబ్బాయికి చెప్పండి. అక్కడ కూడా తాలింపు మాత్రం పెట్టకండి. ఒకసారి మా వాళ్లలో ఒకావిడ ఎండుమిరపకాయలు, ఆవాలు వేసి పప్పుకు తాలింపు పెట్టగానే గది పైకప్పుకున్న పొగ అలారం మోగింది, రాత్రి తొమ్మిది గంటలకు పిల్లాజెల్లాతో సహా అందరూ వరండాలో నిలబడి హోటల్ మేనేజరుకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. బయలుదేరే ముందురోజు ఇంట్లోనే నూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు దోరగా వేయించి, చల్లారాక తడి లేని సీసాలో పోసుకోండి. దారిలో ఉడికిన పప్పులో రెండు చెంచాలు కలిపితే సరి. కారులో వెళ్తూనే కుక్కర్ పెట్టుకోవచ్చన్న ఆలోచన వద్దు: కారులోని 12 వోల్టుల సాకెట్, 15 ఆంపియర్ల ఫ్యూజు ఉన్నా, 180 వాట్లకు మించి ఇవ్వదు.

మీ వారి మధ్యాహ్నం అన్నం పొద్దున గదిలో వండి, పొగలు వస్తుండగానే హాట్‌బాక్స్‌లోకి తీసి మూత బిగించండి. వండిన పదార్థం వేడిగానో చల్లగానో కాకుండా గోరువెచ్చగా రెండు గంటలకు మించి ఉండకూడదని, బయట ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటకు మించకూడదని అక్కడి ఆహార భద్రత నియమం. పులిహోర పొద్దున కలిపితే రాత్రిదాకా ఉంటుందని పెరిగిన మనకు ఇది చాదస్తంలా అనిపిస్తుంది. చింతపండు పులుపు కొంత కాపాడుతుందన్నదీ నిజమే. పెరుగన్నం విషయంలో మాత్రం ఆ ధైర్యం చేయకండి. అన్నం వేరుగా, పెరుగు ఐస్ పెట్టెలో వేరుగా ఉంచి, తినేటప్పుడే కలుపుకోండి. హైవే పక్కనుండే విశ్రాంతి స్థలాల్లో బల్లలూ, మరుగుదొడ్లూ ఉంటాయి. మరుగుదొడ్డిలో నీళ్ల ఏర్పాటు ఉండదు గనుక చెంబో సీసానో చేతిసంచిలో ఉండాలి.

ఇక ఇన్సులిన్. వాడకం మొదలుపెట్టిన సీసా గానీ పెన్ను గానీ 30 డిగ్రీల లోపు వేడిలో, చాలా రకాలు 28 రోజుల దాకా బాగుంటాయి. మీ రకం సంగతి పెట్టె మీద చూసుకోండి. దానికి ఎండ ఎంత శత్రువో మంచూ అంతే శత్రువు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపిస్తుంది గాని పనికిరాదు. కాబట్టి కొత్త సీసాలను ఐస్ ముక్కలకు ఆనించకుండా తువ్వాలులో చుట్టి డబ్బాలో పెట్టండి, వాడుతున్నది మీ చేతిసంచిలోనే ఉంచుకోండి. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీలకు పైగా వేడి పెరుగుతుంది. భోజనానికి దిగినా, ఫొటోలకు దిగినా ఆ సంచి మీతోపాటే దిగాలి. యెల్లోస్టోన్‌లో బైసన్ అనే అడవిదున్నల మంద రోడ్డెక్కితే కార్లు అరగంటో గంటో కదలవు. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ అయితే, హోటల్ పది నిమిషాల దూరంలో ఉంది కదా అని దారిలోనే సూది వేసుకోకుండా, అన్నం ఎదుటికి వచ్చాకే వేసుకోమని మీ వారికి గట్టిగా చెప్పండి. షుగర్ పడిపోతే వెంటనే అందేలా గ్లూకోజు పొడి, బిస్కట్లు వెనక డిక్కీలో కాకుండా ముందు సీటు దగ్గరే ఉండాలి. డాలస్ నుంచి డెన్వర్‌కు వెళ్లేసరికి గడియారం గంట వెనక్కి పోతుంది, ఆ లెక్క బయలుదేరకముందే డాక్టరును అడిగి రాసుకోండి.

బట్టలకు మనిషికి అయిదు జతలు చాలు, నాలుగో రోజుకు ఒకసారి ఉతుకు. రెండు రాత్రులు ఒకేచోట ఉండే రోజునే ఉతుకు పెట్టుకోండి, రోజూ ఊరు మారుతూ తడిబట్టలు మోయడం కన్నా నరకం లేదు. చాలా హోటళ్లలో ఒక మూల చిన్న గదిలో ఉతికే యంత్రం, ఆరబెట్టే యంత్రం ఉంటాయి. లేని చోట ఊళ్లో లాండ్రోమాట్, అంటే డబ్బులు వేసి మనమే యంత్రాల్లో ఉతుక్కునే దుకాణం, ఉంటుంది. యెల్లోస్టోన్ లోపల కాన్యన్, గ్రాంట్ విలేజ్ క్యాంపుల దగ్గర కూడా ఆ సౌకర్యం ఉంది. యంత్రాలు చాలాచోట్ల 25 సెంట్ల క్వార్టర్ నాణేలే మింగుతాయి. బ్యాంకులో 10 డాలర్లిస్తే 40 నాణేలు కాగితపు చుట్టలో ఇస్తారు, బయలుదేరే ముందే రెండు మూడు చుట్టలు తెచ్చుకోండి. మీకు తప్పనిసరిగా చెప్పవలసినది ఒకటుంది: ఆరబెట్టే యంత్రంలో మంగళగిరి నూలు చీర వేయకండి, ముడుచుకుపోయి అంచు ఒకవైపుకు లాగేస్తుంది. ఎర్రంచు చీర పిల్లల తెల్ల చొక్కాలతో కలిసి ఉతుకులో పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మోయాబ్ వంటి ఎడారి ఊళ్లలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, గదిలోనే కుర్చీల మీద పరిచిన చీర ఒకపూటలో ఆరిపోతుంది.

కోడలి గురించి మీరు దిగులు పడడమే నాకు నచ్చింది. ఆవిడ కారు నడిపిన రోజు వంట పని ముట్టుకోకూడదని ముందే తీర్మానం చేసేయండి. అబ్బాయికి పెట్రోలు, చెత్త. మీ వారికి హోటల్ యంత్రం దగ్గర ఐస్ నింపుకురావడం. నాణేల సంచి మనవరాలిది. బియ్యం నానబెట్టడం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, ఎలాగూ వదలరు కదా.

ప్రశ్న: అమెరికాలో అద్దె కారులో తిరగబోతున్నాం. పెట్రోలు బంకులో మన కార్డు పనిచేయదంటున్నారు, నిజమేనా? (వరంగల్ పాఠకుడు)

జవాబు: చాలాచోట్ల బంకు యంత్రం కార్డు పెట్టగానే అయిదు అంకెల జిప్ కోడ్ (అక్కడి తపాలా పిన్‌కోడ్) అడుగుతుంది, మన కార్డులకు అది ఉండదు గనుక తిరస్కరిస్తుంది. కొట్టు లోపలికి వెళ్లి, పంపు నెంబరు చెప్పి, ఫలానా మొత్తానికి అని ముందే చెల్లించండి; మిగిలితే తిరిగి జమ చేస్తారు. ఇంకొకటి గమనించండి. కొలరాడో, వయోమింగ్ వంటి కొండ ప్రాంతపు రాష్ట్రాల్లో అన్నిటికంటే చవకైన పంపు మీద 85 అని ఉంటుంది, అది పెట్రోలు రకాన్ని చెప్పే ఆక్టేన్ అంకె. చాలా కార్ల పుస్తకంలో 87కు తగ్గకూడదని రాసి ఉంటుంది, ఆ నాలుగు డబ్బులకు కక్కుర్తి పడకండి.

ప్రశ్న: యెల్లోస్టోన్‌లో గుడారంలో ఉందామనుకుంటున్నాం. ఎలుగుబంట్ల భయం ఉన్నచోట తిండి సామాను ఎక్కడ పెట్టాలి? (విశాఖపట్నం పాఠకురాలు)

జవాబు: గుడారంలో మాత్రం బిస్కట్టు ముక్క కూడా పెట్టకండి. వండుకోవడం, తినడం అయిన వెంటనే పప్పులు, పచ్చళ్లు, ఐస్ పెట్టె, కడిగిన గిన్నెలు, సబ్బు, టూత్‌పేస్టుతో సహా వాసన వచ్చే ప్రతిదీ అద్దాలు పూర్తిగా ఎత్తి తాళం వేసిన కారులోగాని, క్యాంపులో ఉండే ఇనుప పెట్టెలోగాని పెట్టాలి. ఆవకాయ జాడీని ఎన్ని కవర్లలో చుట్టినా ఎలుగుబంటి ముక్కుకు అది మూత తీసిన జాడీయే. ఇదే ప్రయాణంలో కాలిఫోర్నియాలోని యోసెమిటీకి కూడా వెళ్తే అక్కడ నియమం వేరు: చీకటి పడ్డాక కారులో కూడా తిండి ఉంచకూడదు, ఇనుప పెట్టెలోనే ఉంచాలి. చెత్తడబ్బాలకు పైకి కనిపించే పిడి ఉండదు. ముందున్న గూటిలోకి చేతివేళ్లు పోనిచ్చి లోపలి మీటను నొక్కితేనే మూత లేస్తుంది, ఎలుగుబంటి పంజా అందులో పట్టదు. వదిలేశాక మూత పూర్తిగా పడి టక్కుమని గొళ్లెం పడిందో లేదో ఒకసారి లాగి చూసి మరీ గుడారానికి వెళ్లండి.