మిరపలో ఎన్ని మందులు కొట్టినా నల్ల తామర పురుగు ఎందుకు తగ్గడం లేదు? నేలకూ దానికీ సంబంధం ఉందా?

ఉంది. 2021లో గుంటూరు మిరప తోటలను ఊడ్చేసిన ఈ పురుగు ఎక్కువగా పూలలోనే దాక్కుంటుంది. ఒక పువ్వు కోసి అరచేతిలో దులిపి చూడండి, సన్నటి నల్ల పురుగులు పరుగెడతాయి. పూరేకుల మధ్యకు మందు సరిగ్గా చేరదు. పైగా పిల్ల పురుగుల్లో చాలావరకు నేల మీదకు రాలి, మట్టిలోనో రాలిన ఆకుల కిందో కోశస్థ దశ (పిల్ల పురుగు పెద్ద పురుగుగా మారే దశ) గడిపి, రెక్కలతో పైకొస్తాయి. ఆకుల మీద కొట్టిన మందు వాటికి తగలదు. మల్చింగ్ షీటు (నేలను కప్పే ప్లాస్టిక్ పట్టా) పరిచిన చోట ఉధృతి తగ్గడానికి ఇదొక కారణం.

మందు మీద మందు కొడితే, ముఖ్యంగా సింథటిక్ పైరెత్రాయిడ్లు వాడితే, ముందు చచ్చేది ఈ పురుగును తినే మిత్రపురుగులే. యూరియా ఎక్కువేస్తే లేత చిగురు పెరిగి పురుగుకు మేత దొరుకుతుంది. ఈ రెండూ మానాలన్నది నా గట్టి మాట.

మన నల్లరేగడిలో మిరప నాటేది ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరుల్లో. అంతవరకు చేనును ఖాళీగా వదిలితే తొలకరి వానలకు పైమట్టి కొట్టుకుపోతుంది. జూన్‌లో పచ్చిరొట్ట ఎరువుగా జీలుగో జనుమో చల్లి, పూత దశలో కలియదున్నితే మట్టి నిలుస్తుంది, సేంద్రియ పదార్థం చేరుతుంది, యూరియా అవసరమూ తగ్గుతుంది. గట్ల వెంబడి రెండు మూడు వరుసల జొన్న, చేలో నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి. వేపనూనె పురుగు కనిపించిన తొలి రోజుల్లోనే కొట్టాలి, ముదిరాక లాభం ఉండదు.