కూసొని గుండు ఇసిరే పోరడు, ఇంట్ల ఉలవలు

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ పక్కన ఊరు. మా పెద్దోడికి పదహారేండ్లు, చిన్నప్పటి సంది ఎడమ కాలు సన్నగ ఉంటది. ఇప్పుడు కుర్చీల కూసొని షాట్‌పుట్ ఇసురుతా, మంచి తిండి పెట్టు అంటున్నడు, ఇంట్ల ఐదుగురం, నాది కూలి పని, రోజూ చికెన్ ఏడికెల్లి తేవాలె?

జవాబు: చెల్లె, ముందుగాల వాన్ని ఇసురనియ్యి. మందుపాతర పేలి 2002ల ఎడమ కాలు పోయిన నాగాలాండ్ జవాను హొకాటో సెమా 2024 పారిస్ పారాలింపిక్స్‌ల కూసొనే 14.65 మీటర్లు ఇసిరి కాంస్యం తెచ్చిండు. కుర్చీ మాత్రం తాళ్లతోని గట్టిగ కట్టున్రి, అది కదిలితే వాని జోరంత దానికే పోతది. వైకల్యం ఉన్నదని సర్కారు ఇచ్చే సర్టిఫికెట్ కూడ తీసి పెట్టుకోన్రి.

చికెన్ ఐతారం చాలు. మన దిక్కు ఉలవలు ఉండంగ భయమెందుకు? పావుకిలో రాత్రి నానేసి పొద్దుగాల కుక్కర్ల మెత్తగ ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబొయ్యకుండ చింతపండు పిసికి చారు పెట్టు, గింజలకు ఉల్లిగడ్డ, ఎండుమిర్చి పోపేస్తే గుడాలు. జొన్నరొట్టె, పల్లి చట్నీ ఎట్లాగు ఉంటయి. రోజుకో గుడ్డు వానికి, ఆడపిల్ల ఉంటే ఆమెకు కూడ, మన ఇండ్లల్ల ఆమెదే మర్చిపోతరు.