సెరటోనిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఆపితే పార్శ్వపు నొప్పి (మైగ్రేన్) తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 36. అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు చూసుకుంటాను. రాత్రంతా ఏరేటర్ల దగ్గర కాపలా ఉంటే మర్నాడు ఒక పక్క కణత పోటు, వాంతులు. నొప్పి రాకుండా ఒక డాక్టర్ రోజూ వేసుకోమని ప్రొప్రనొలాల్ ఇచ్చారు. నొప్పి వచ్చినప్పుడు వేసుకోమని ఇంకొకరు రిజాట్రిప్టాన్ 10 మిల్లీగ్రాములు రాశారు. మెదడు రక్తనాళాల దగ్గర నరాల్లో సెరటోనిన్‌ను ఏదో ఎంజైమ్ విరగ్గొడుతుందని ఫోన్‌లో చదివాను. దాన్ని ఆపే మందు వాడొచ్చా? ఎండు చేపలు మానేయాలా?
- ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: ఆ ఎంజైమ్ పేరు మోనోఅమైన్ ఆక్సిడేజ్. సెరటోనిన్ అంటే నరాల మధ్య కబురు మోసే రసాయనం. నరం కొస నుంచి సెరటోనిన్ విడుదలై, పని అయ్యాక మళ్లీ లోపలికి చేరుతుంది. అక్కడ ఈ ఎంజైమ్ దాన్ని విరగ్గొడితే, మిగిలింది మూత్రంలో పోతుంది. పార్శ్వపు నొప్పి వచ్చినప్పుడు ఆ మిగులు మూత్రంలో పెరుగుతోందని 1961లోనే ఇటలీలో సికుటేరి అనే వైద్యుడి బృందం గమనించింది. అలాగని ఎంజైమ్ వల్లే నొప్పి వస్తోందని కాదు. సెరటోనిన్ లేకుండా మనకు గడవదు, విరగ్గొట్టకుండా వదిలేసినా గడవదు. రక్తంలో సెరటోనిన్ పరీక్ష చేయించుకుంటానంటారేమో, డబ్బు దండగ. రక్తంలో ఉండేది దాదాపు అంతా ప్లేట్‌లెట్లలో ఉంటుంది, మెదడు సంగతి అది చెప్పదు.

మీకు ఆ ఎంజైమ్‌తో అసలు సంబంధం వేరే చోట ఉంది. రిజాట్రిప్టాన్ సెరటోనిన్ లాగే ప్రవర్తించి, ఉబ్బిన రక్తనాళాలను బిగిస్తుంది, వాటి చుట్టూ ఉన్న నరాల గోల తగ్గిస్తుంది. ఈ మాత్రను కూడా విరగ్గొట్టేది అదే ఎంజైమ్. అందుకే దాన్ని ఆపే మందులు (కొన్నిటిని డిప్రెషన్‌కు వాడతారు) మీకు వద్దు. అవి మానేసినా రెండు వారాలు గడిచాకే రిజాట్రిప్టాన్ వేసుకోవాలి. మొండి టీబీకి ఇచ్చే లినెజోలిడ్‌కూ ఈ గుణం కొంత ఉంది. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా మీరు వాడే మందులన్నీ చూపించండి.

మీ చీటీలో నన్ను ఆపిన విషయం ఇంకోటి. ప్రొప్రనొలాల్ వాడేవాళ్లకు రిజాట్రిప్టాన్ రక్తంలో ఎక్కువవుతుంది. అందుకే వాళ్లకు 10 కాదు, 5 మిల్లీగ్రాములే ఇస్తాం. ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగా రాస్తే ఇలాంటివి జారిపోతాయి. ఈ వారమే వాళ్లలో ఒకరికి రెండు చీటీలూ చూపించి మార్పించుకోండి. బీపీ అదుపులో లేకపోయినా, గుండె జబ్బు ఉన్నా రిజాట్రిప్టాన్ అసలు వద్దు. నెలలో 10 రోజులు దాటి వేసుకుంటే మాత్ర వల్లే తలనొప్పి మొదలు కావచ్చు.

ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు తలనొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో బలం తగ్గినా మాత్ర వేసుకుని చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక కాపలా. రోజూ నిద్ర వేళ మారితే పార్శ్వపు నొప్పి రేగుతుంది. రాత్రుళ్లు ఇంకొకరితో వంతులేసుకోండి, ఆకలితో ఉండకండి. ఎండు నెత్తళ్లలో కొందరికి తలనొప్పి రేపే టైరమిన్ అనే పదార్థం ఉంటుంది. ఆ ఎంజైమే దాన్నీ పేగులో, కాలేయంలో విరగ్గొట్టేస్తుంది కాబట్టి చాలామందికి ఇబ్బంది రాదు. తిన్న తేదీ, నొప్పి వచ్చిన తేదీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. తిన్న మర్నాడే మళ్లీ మళ్లీ వస్తుంటే అప్పుడు మానేద్దురు.