నాస్ లేవనంటోందా? ముందు అడాప్టర్ చూడండి

ప్రశ్న: మా రెండు డిస్కుల నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచుకునే పెట్టె) ఐదేళ్లుగా ఆపకుండా నడిచింది. మొన్న గాలివానకు కరెంటు పోయి వచ్చాక లేవడం లేదు. నీలం లైటు కొట్టుకుంటూనే ఉంది, లోపల డిస్కులు టిక్కుటిక్కుమంటున్నాయి. బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోమంటున్నాడు షాపతను. ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.
– ఆర్.కె., కూకట్‌పల్లి

జవాబు: అడాప్టర్ మార్చి చూడకుండా బోర్డు పోయిందన్న మాట నమ్మకండి. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే కొద్ది సెకన్లలో 12 వోల్టుల లైను మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. వేగం అందుకున్నాక అర ఆంపియర్ అటూ ఇటూ చాలు. రెండు డిస్కులు ఒకేసారి లేస్తే 4 ఆంపియర్లు, పైన బోర్డు ఖర్చు. టీవీ యూనిట్ వెనక గాలాడని చోట మన ఎండాకాలాలన్నీ గడిపిన అడాప్టర్‌లో కెపాసిటర్లు ఎండిపోతాయి. నడుస్తున్నంతసేపు ఎలాగో నెట్టుకొస్తుంది, ఒకసారి ఆగితే మళ్లీ లేపే సత్తువ ఉండదు. వోల్టేజీ చాలక డిస్కు తిరగబోయి ఆగుతుంది, మళ్లీ తిరగబోతుంది. ఆ టిక్కుటిక్కు విని మంచి డిస్కుల్ని పారేసేవాళ్లున్నారు.

ప్లగ్ తీసి, డిస్కుల మీద మార్కర్‌తో 1, 2 అని రాసి బయటకు లాగండి. ఖాళీ పెట్టెకు కరెంటిచ్చి ఐదు నిమిషాలు ఆగండి. రూటర్ జాబితాలో నాస్ కనిపించిందంటే బోర్డు బతికే ఉంది, అనుమానమంతా అడాప్టర్ మీదికే పోతుంది.

విడిగా ఉన్న అడాప్టర్ పిన్నులో మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. లోడు లేనప్పుడు నీరసించిన అడాప్టర్ కూడా అంతే చూపిస్తుంది కాబట్టి ఆ పరీక్ష దండగ. సీసీ కెమెరాల సామాను అమ్మే షాపుల్లో స్క్రూ బిగించే డీసీ పిన్నులు దొరుకుతాయి, ఆడది ఒకటి, మగది ఒకటి తెచ్చుకోండి. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కాస్త లావు వైరుతో కలిపి, అడాప్టర్‌కూ నాస్‌కూ మధ్య పెట్టండి. మీటర్‌ను 20 వోల్టుల డీసీకి తిప్పి, ముళ్లు ఆ స్క్రూల మీద ఆనించి, ముళ్లు రెండూ ఒకదానికొకటి తగలకుండా, డిస్కులతో సహా ఆన్ చేయండి. 11.4 కంటే కిందికి దిగితే అడాప్టర్ పని అయిపోయింది. మీ నాస్‌ది నాలుగు ముళ్ల పిన్ను అయితే ఈ తిప్పలు పడకుండా నేరుగా కొత్త అడాప్టర్ తెప్పించుకోండి.

కొత్తదానికి వోల్టులు అవే ఉండాలి, ఆంపియర్లు పాతదాని మీద రాసినంతో, ఎక్కువో ఉండాలి. పిన్ను బయట 5.5 మిల్లీమీటర్లున్నా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. పాతది వెంట తీసుకెళ్లండి. ఇంట్లో పడున్న రూటర్ అడాప్టర్, 2 ఆంపియర్ల కెమెరా అడాప్టర్ దీనికి చాలవు.

మంచి అడాప్టర్‌తోనూ, డిస్కులు లేకుండానూ లేవకపోతే అప్పుడు ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. పాత మోడళ్లలో ఇంటెల్ ఆటమ్ సీ2000 చిప్ ఉంటే కథ వేరు: క్లాక్ సిగ్నల్ చచ్చిపోయి, ఒకసారి ఆపితే మళ్లీ లేవకపోయే లోపం వాటిలో ఉందని 2017లో బయటపడింది. అది బోర్డు సమస్యే. ఏమైనా సరే, డిస్కుల్ని విండోస్ కంప్యూటర్‌కు తగిలించినప్పుడు ‘ఇనిషియలైజ్’, ‘ఫార్మాట్’ అని అడిగితే ఒప్పుకోకండి.

ప్రశ్న: అద్దంలా నకలు ఉంచే రెయిడ్ 1లో ఒక డిస్కు పోయిందని హెచ్చరిక వచ్చింది. కొత్త 4 టీబీ డిస్కు వేశాను. రీబిల్డ్ (మంచి డిస్కు నుంచి కొత్తదానికి నకలు ఎక్కడం) రోజుల తరబడి సాగి, మళ్లీ డిస్కు జారిపోతోంది.
– ఎస్., సైనిక్‌పురి

జవాబు: స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) తెరవండి. అందులో 5, 197 నంబర్ల వరుసల్లోని అంకెలు పెరుగుతుంటే డిస్కు పళ్లెమే పాడవుతోంది. 199వ వరుసలోది మాత్రమే పెరుగుతుంటే డిస్కుకూ బోర్డుకూ మధ్య దారి సరిగా లేదు: కనెక్టర్‌లో దుమ్ము, వదులైన ట్రే, వైరు. ఈ 199 లెక్క వెనక్కి తగ్గదు, కాబట్టి ఇవాళ్టి అంకె రాసుకుని వారం తర్వాత పోల్చండి. కొత్త డిస్కుకూ అదే స్లాటులో పెరిగితే తప్పు స్లాటుదే.

వీటిలో ఏదీ పెరగకపోతే డిస్కు రకం చూడండి. ట్రాకులు ఒకదానిపై ఒకటి ఎక్కేలా రాసే ఎస్ఎంఆర్ డిస్కులు రీబిల్డ్‌లో చతికిలబడతాయి, నాస్ ఓపిక నశించి బయటకు తోసేస్తుంది. డబ్ల్యూడీ రెడ్‌లో 2 నుంచి 6 టీబీ మోడళ్లు కొన్ని ఇలాంటివేనని 2020లో తేలింది; రెడ్ ప్లస్ అయితే సీఎంఆర్, అంటే ట్రాకులు విడివిడిగా రాసే రకం. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా పూర్తి మోడల్ నంబరు చూసి కొనండి. కొత్తదని కొన్న డిస్కు స్మార్ట్ రిపోర్టులో పవర్ ఆన్ అవర్స్ (నడిచిన గంటలు) వేలల్లో ఉంటే అది వాడేసిన సరుకు, వెనక్కి ఇచ్చేయండి. డిస్కు లాగే ముందు తెరమీది సీరియల్ నంబరు స్టిక్కర్‌తో సరిచూసుకోండి, కంగారులో మంచి డిస్కు లాగేసేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, నాస్‌కు వేరే యూపీఎస్ కావాలా?
– లక్ష్మి, మలక్‌పేట

జవాబు: ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి, మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ కాస్త వ్యవధికే నాస్ రీస్టార్ట్ కావచ్చు. అయితే బ్యాటరీ అడుగంటుతోందని నాస్‌కు చెప్పే దారి ఇన్వర్టర్‌కు ఉండదు. యూఎస్‌బీ వైరున్న చిన్న యూపీఎస్ ఆ కబురు పంపిస్తుంది, నాస్ తనంతట తానే ఫైళ్లు మూసి ఆగిపోతుంది. కొనే ముందు ఆ మోడల్ మీ నాస్ తయారీదారు జాబితాలో ఉందో లేదో చూసుకోండి.