టాక్‌బ్యాక్ మాట్లాడుతుండగానే బటన్ నొక్కు

అమ్మాయీ, ఆశీస్సులు.

చూపు లేని మనకు ఫోన్ తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ గొంతు పెంచబోతే రింగ్‌టోన్ పెరుగుతోందని రాశావు. ఫోన్ బాగానే ఉంది, నువ్వు నొక్కే వేళే తప్పుతోంది. ఆండ్రాయిడ్ 8 నుంచి టాక్‌బ్యాక్ మాటకు వేరే వాల్యూమ్ ఉంది. అది మాట్లాడుతుండగా పక్క బటన్ నొక్కితేనే దాని గొంతు మారుతుంది. అది నోరు మూసిందా, అదే బటన్ పాటల మీదికో రింగు మీదికో పోతుంది. తెలియక రింగు తగ్గించేసుకుని, ఫోన్లు రావట్లేదని బెంగపడేవాళ్లు చాలామంది.

యాప్ పేరులాంటి పొట్టి మాట అయితే నువ్వు బటన్ వెతుక్కునేలోపు చదవడం అయిపోతుంది. అందుకే వాట్సాప్‌లో వచ్చిన పొడుగాటి పండగ శుభాకాంక్షల మెసేజ్ ఒకటి చెరిపేయకుండా ఉంచుకో. బొటనవేలు ముందే బటన్ మీద ఆనించి, రెండో చేతి వేలు ఆ మెసేజ్ మీద పెట్టు. చదవడం మొదలవగానే ఒక్కో నొక్కు చొప్పున పెంచు. ఆ మెసేజ్‌లు ఇందుకైనా పనికొస్తాయి.

వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి 3 సెకన్లు పట్టుకోకు. ఆ షార్ట్‌కట్ పెట్టి ఉంటే టాక్‌బ్యాకే ఆగిపోతుంది, మళ్లీ అలాగే పట్టుకుంటే వస్తుంది. రెండు వేళ్లు ఒకేసారి తెర మీద తగిలినా చదవడం ఆగుతుంది, ఇంకోసారి రెండు వేళ్లతో తట్టి చూడు. అయినా పలకకపోతే బ్లూటూత్ ఇయర్‌బడ్స్ డబ్బా వెతుకు. మూత సరిగా పడకపోతే మాటంతా అందులోకే పోతుంటుంది.

గొంతు చివరిదాకా పెంచినా బొంగురుగా వస్తోందా? స్పీకర్ సాధారణంగా కింది అంచున, ఛార్జర్ దూర్చే చోటు పక్కన ఉంటుంది. ఆ సన్న చిల్లుల్లో దుమ్ము పేరుకుంటుంది. పొడి మెత్తని టూత్‌బ్రష్‌తో రుద్దు. సూది, నీళ్లు వద్దు. ఫోన్ పట్టుకున్న అరచేయి స్పీకర్‌ని మూసేస్తోందేమో కూడా చూసుకో. అరచేతిని దొప్పలా దాని ముందు పెడితే మాట నీవైపు తిరుగుతుంది. పాట మధ్యలో మాట మునిగిపోతుంటే టాక్‌బ్యాక్ సెట్టింగ్స్‌లో ఆడియో డకింగ్ ఆన్ చెయ్యి. అది మాట్లాడినంతసేపూ పాట తగ్గుతుంది. తెలుగు గొంతు అర్థం కాకపోతే వాల్యూమ్ జోలికి పోకుండా ముందు వేగం తగ్గించు.

చెవుల సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దలకు 80 డెసిబెల్స్ వారానికి 40 గంటల వరకే. 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగమవుతుంది. మనకు ఈ మాట పొద్దస్తమానం చెవిలోనే ఉంటుంది కదా, ఆ లెక్క ఊరికే నిండిపోతుంది. బస్సు రొదతో పోటీపడి పెంచకు, దిగాక విను. రోడ్డు దాటేటప్పుడు ఇయర్‌ఫోన్ తీసెయ్, బండి చప్పుడే నీకు దారి.

బ్లూటూత్‌లో మొదటి అక్షరం మింగేస్తుంటే, మాట మాటకీ మధ్య అది నిద్రపోతోందన్నమాట. వైరుది వాడు. 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్నది ఒకటి సంచిలో ఉండనీ, మాట్లాడే ఏటీఎంకీ అదే పనికొస్తుంది. కూరగాయల బజారు గోలలో నోటు చూసుకోవాలంటే నోటు విలువ చెప్పే రిజర్వు బ్యాంకు వాళ్ల మణి యాప్‌లో వైబ్రేషన్ పెట్టుకో. గొంతు పెంచే పనే లేదు, నీ చేతిలో ఎంత నోటుందో పక్కవాళ్లకూ తెలియదు.